అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడి బిడ్డను దత్తత తీసుకోవాలంటే అర్హత ఎలా చూసుకోవాలి?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఎక్కువగా ఇలా వస్తుంది: "మా అక్కావాళ్లు డాలస్‌లో ఉంటారు, పిల్లల్లేరు. ఇక్కడి నుంచి ఒక బిడ్డను దత్తత తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. కాకపోతే రెండు దేశాల చట్టాలూ ఒప్పుకోవాలి. ఇక్కడ కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే అందరూ ‘కారా’ అనేది, అనుమతి ఇవ్వాలి. అక్కడ ఇమిగ్రేషన్ వాళ్లు ఇవ్వాలి. ఒక్కరు కాదన్నా బిడ్డ విమానం ఎక్కదు.

1. ముందు పాస్‌పోర్టు చూడండి

అమెరికా నిబంధన ప్రకారం దంపతుల్లో ఒకరికైనా అక్కడి పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు, హెచ్-1బీ ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. ఒంటరివాళ్లయితే పౌరసత్వంతో పాటు, బిడ్డను తీసుకెళ్లడానికి అక్కడి ఇమిగ్రేషన్‌లో పిటిషన్ వేసేనాటికి 25 ఏళ్లు నిండాలి. బిడ్డకు మామూలుగా 16 ఏళ్లు నిండకముందే ఆ పిటిషన్ పడాలి. చాలామంది ఇల్లు, జీతం గురించే ఆలోచిస్తారు గానీ ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

2. ఇద్దరి వయసులూ కూడండి

ఇది మన నిబంధన. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపైన 110. ఒంటరివాళ్లకు ఇవే వరసగా 40, 45, 50, 55. ఆయనకు 46, ఆమెకు 42 అనుకోండి, మొత్తం 88. పసిబిడ్డ రాదు, మూడేళ్ల బిడ్డకు అర్హత ఉంటుంది. బిడ్డకూ వీళ్లలో ప్రతి ఒక్కరికీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

3. మిగతా షరతులు

పెళ్లయి రెండేళ్లు కాపురం సవ్యంగా సాగి ఉండాలి, ఇద్దరికీ ఇష్టం ఉండాలి. ఒంటరి మహిళ ఆడబిడ్డనైనా మగబిడ్డనైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడబిడ్డను ఇవ్వరు. ప్రాణాంతక జబ్బులు, క్రిమినల్ కేసుల్లో శిక్షలు ఉండకూడదు. సొంత పిల్లలు లేకపోవడం మాత్రం షరతు కాదు.

4. చుట్టాల బిడ్డ అయితే

చట్టం దృష్టిలో చుట్టం అంటే పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, ఇటు తాతా నానమ్మ, అటు తాతా అమ్మమ్మ. అంతే. వరసకు అన్న అయినా, పెదనాన్న కొడుకు ఈ లెక్కలోకి రాడు. దగ్గరి చుట్టాలకు వయసుల మొత్తం నిబంధన వర్తించదు. కన్నవాళ్ల సమ్మతి కావాలి. ఐదేళ్లు దాటిన బిడ్డనూ అడుగుతారు. బిడ్డ కుటుంబ నేపథ్య నివేదికను జిల్లా బాలల పరిరక్షణ విభాగం తయారుచేస్తుంది.

ఇదంతా సాఫీగానే ఉంటుంది. చిక్కు అమెరికా వైపు. తల్లిదండ్రులిద్దరూ బతికుంటే, బిడ్డను సరిగా పెంచే స్థితిలో వాళ్లు లేరని చూపించాలి. "అక్కకు పిల్లల్లేరు, నా రెండోవాణ్ని ఇస్తాను" అనడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. కానీ ఇక్కడ తమ్ముడికి మంచి ఉద్యోగం, సొంత ఫ్లాటు ఉంటే బిడ్డకు అమెరికా వీసా రావడం కష్టం. ఇంట్లో మాట ఇచ్చుకోకముందే అమెరికాలోని ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం మంచిది.

5. ఏది ముందో, ఏది తర్వాతో చూసుకోండి

రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించేసి, ఆ తర్వాత వీసా అడిగేవాళ్లు ఉన్నారు. అది తలకిందుల పని. ముందు అక్కడి గుర్తింపు పొందిన ఏజెన్సీ హోమ్ స్టడీ, అంటే ఇంటినీ కుటుంబాన్నీ పరిశీలించే పని, చేయాలి. దత్తతకు వీళ్లు తగినవాళ్లేనని అమెరికా ఇమిగ్రేషన్ ఇచ్చే ఐ-800ఏ ఆమోదం తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఫైలు కారాకు వస్తుంది. చుట్టాల బిడ్డ కాకపోతే బిడ్డ వివరాలు చూసి అంగీకారం చెప్పాలి. అప్పుడు ఆ బిడ్డ పేరు మీద వేసే ఐ-800 పిటిషన్, కారా నిరభ్యంతర పత్రం, ఇక్కడ కలెక్టర్ దత్తత ఉత్తర్వు, చివరికి పాస్‌పోర్టు, వీసా. ఈ ఉత్తర్వు ఒకప్పుడు కోర్టు ఇచ్చేది, 2022 నుంచి కలెక్టర్లకు అప్పగించారు.

యూసుఫ్‌గూడలో అనాథ పసిపిల్లలను చూసుకునే శిశు విహార్‌కు వెళ్లి నేరుగా బిడ్డను చూసుకుని ఎంచుకోవడం కుదరదు. దత్తతకు చట్టపరంగా అర్హత వచ్చిన బిడ్డకు 60 రోజుల్లో ఇక్కడి భారతీయులు గానీ ఎన్నారైలు (విదేశంలో ఉంటున్నా భారత పౌరసత్వమే ఉన్నవాళ్లు) గానీ దొరకకపోతేనే అంతర్దేశ దత్తతకు తలుపు తెరుచుకుంటుంది. వైకల్యం ఉన్నవాళ్లు, తోబుట్టువులు, ఐదేళ్లు దాటినవాళ్ల విషయంలో ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

"ఆస్పత్రిలో తెలిసినవాళ్లున్నారు, బిడ్డను ఇప్పిస్తాం" అనే మాట వింటే అక్కడే ఆగండి. బిడ్డను కొనడం, అమ్మడం ఐదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష పడే నేరం. 1999-2001 మధ్య లంబాడా తండాల పసికందులను కొని విదేశాలకు దత్తత పంపిన వ్యవహారం బయటపడింది మన దగ్గరే. అందుకే ప్రతి కాగితాన్నీ ఇంత గుచ్చి గుచ్చి చూస్తారంటే నాకు తప్పనిపించదు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లే పరాయి దేశపు బిడ్డను తెచ్చుకోవాలంటే దారి వేరు. ముందు ఆ దేశ చట్టం ప్రకారం పని పూర్తి కావాలి. మన హోమ్ స్టడీ, బిడ్డ నివేదిక, వైద్య నివేదిక చూసి కారా ఆమోదం ఇస్తుంది. బిడ్డకు అక్కడి భారత దౌత్య కార్యాలయం ఎంట్రీ వీసా ఇస్తుంది.

బిడ్డ అమెరికా చేరాక కూడా ఫైలు మూతపడదు. ఏజెన్సీ మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆర్నెల్లకోసారి బిడ్డ ఎలా ఉందో నివేదిక పంపాలి. మీ అక్కావాళ్లు ఇల్లు మారితే ఆ సంగతి ఏజెన్సీకి చెప్పడం మరిచిపోవద్దనండి.