తెల్లవారుజామున జెమినిడ్ ఉల్కలు కనిపించకపోతే

పెర్సీడ్ ఉల్కలు రాలే ఆగస్టులో మన ఆకాశం చాలాసార్లు మబ్బు పట్టి ఉంటుంది కాబట్టి, తెలుగు ప్రాంతాల వారికి డిసెంబరు 14 ప్రాంతంలో పతాకస్థాయికి చేరే జెమినిడ్లే ఎక్కువ నమ్మదగినవి. అయినా నిద్ర మానుకుని కూర్చున్నవారు నిరాశపడే సందర్భాలు లేకపోలేదు.

సమస్య: గంటకు 150 అన్నారు, పాతిక కూడా కనిపించలేదు.

కారణం: ఉల్కలు వెలువడుతున్నట్టు తోచే బిందువు సరిగ్గా నడినెత్తిన ఉండి, 6.5 ప్రకాశ పరిమాణం (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) గల నక్షత్రాలు సైతం కంటికి ఆనే ఆకాశానికి కట్టిన లెక్క అది. మసకబారేకొద్దీ, ఒక్కో పరిమాణానికి ఉల్కల సంఖ్య సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. కనుక దీపాల వెలుగు వల్ల 4.5 పరిమాణం వరకే నక్షత్రాలు కనిపించే ఊరి అంచున 150లో మిగిలేవి పాతిక లోపే. వెన్నెల కూడా ఇదే నష్టం చేస్తుంది. 2024లో పౌర్ణమి దగ్గరపడి చాలా ఉల్కలను మింగేసింది.

పరిష్కారం: రాత్రి మూడు గంటలకు కర్కాటక రాశి దాదాపు నడినెత్తికి వస్తుంది. అందులో పుష్యమి దగ్గరి నక్షత్ర గుచ్ఛం మసక మచ్చలా కంటికి కనిపిస్తే ఆ చోటు పనికొస్తుంది, లేకపోతే ఊరికి మరింత దూరం వెళ్లవలసిందే. బైనాక్యులర్ ఈ లోటు తీర్చదు. చూపును కొద్దిపాటి ఆకాశానికి పరిమితం చేసి ఉన్నవి కూడా పోగొడుతుంది. తిథి ముందుగా పంచాంగంలో చూసుకోవాలి. 2026లో అమావాస్య గడిచిన కొద్ది రోజులకే జెమినిడ్లు వస్తున్నాయి.

సమస్య: పక్కవారు చూస్తున్నారు, నాకు మాత్రం కనిపించడం లేదు.

కారణం, పరిష్కారం: చాలావరకు దోషం ఫోనుది. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెర వెలిగిస్తే ఆ శ్రమంతా వృథా. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి వాడాలి. మిథున రాశి వైపే గుచ్చి చూడటం కూడా పొరపాటే, ఎందుకంటే అక్కడ పుట్టే ఉల్కల గీతలు పొట్టిగా ఉంటాయి. చాప పరచుకుని వెల్లకిలా పడుకుని, కాస్త పక్కకు, ఆకాశమంతా చూపులో పడేలా చూడాలి.

సమస్య: ఎనిమిది గంటలకే మేడ ఎక్కాను, ఏమీ లేదు.

కారణం: ఉల్కలు వెలువడుతున్నట్టు తోచే మిథున రాశిలోని బిందువు అప్పటికి తూర్పు దిగంతానికి దగ్గరగానే ఉంటుంది. రాత్రి రెండింటికి బాగా పైకి వస్తుంది. తేదీ కూడా సరిచూసుకోవాలి: 14వ తేదీ తెల్లవారుజాము అంటే 13వ తేదీ రాత్రి నిద్రపోయాక వచ్చేది.

సమస్య: కనిపించింది ఉల్కో కాదో తెలియలేదు.

నింపాదిగా నిమిషాల తరబడి సాగితే ఉపగ్రహం, మిణుకుమిణుకుమంటూ పోతే విమానం. జెమినిడ్ సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తుంది కనుక సాధారణంగా రెండు సెకన్లు కూడా నిలవదు. దాని గీతను వెనక్కి పొడిగించినప్పుడు మిథునంలోని జంట నక్షత్రాల దగ్గరికి చేరకపోతే, అది ఉల్కే అయినా జెమినిడ్ కాదు.