ఏ నొప్పికి ఏ స్కానింగు?

స్కానింగుల్లో పెద్దది, చిన్నది అని ఉండదు. ఎక్స్‌రేలో నరం కనపడదు, ఎంఆర్‌ఐలో కిడ్నీ రాయి సరిగ్గా కనపడదు. దేన్ని వెతుకుతున్నామో తేలితేనే ఏది తీయాలో తేలుతుంది.

నడుం నొప్పి మొదలై ఆరు వారాలు కాలేదు

నాట్లేసినా, బస్తాలు మోసినా కండరాలు పట్టేసి వచ్చే నొప్పే ఎక్కువ. దీనికి ఏ స్కానింగూ అక్కర్లేదు. నలభై దాటినవాళ్లకు ఎంఆర్‌ఐ తీస్తే నొప్పి లేకున్నా డిస్కు ఉబ్బు కనపడొచ్చు. ఆ కాగితం చూసుకుని భయపడటం తప్ప ఒరిగేదేం లేదు. కాలులో బలం తగ్గినా, మూత్రం తెలియకుండా పోయినా, బందైనా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి. జ్వరమున్నా, బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆరు వారాలు ఆగొద్దు.

నడుం, మెడ బిగుసుకుపోయి వంగలేకపోవడం

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు మనిషైతే మొదట అడగాల్సింది ఏ నీళ్లు తాగారు, ఎన్నేండ్లు తాగారు అని. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు ఏండ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరుతుంది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి కదా అని ఈ ప్రశ్న వదిలేయొద్దు, ఎముకలో చేరింది అంత తొందరగా దిగదు.

ఇక్కడ ముందు కావాల్సింది ముంజేయి, కటి, వెన్ను ఎక్స్‌రేలు. ముంజేతిలో రెండు ఎముకల నడుమ ఉండే పొరకు సున్నం పట్టి అంచులు ముళ్లలా తేలితే, కటి ఎముకలు మామూలు కన్నా తెల్లగా ఉంటే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) అనే అనుకోవాలి. ముంజేయి తీయకుండా వెన్ను ఒక్కటే తీస్తే అరుగుదల అని రాసేసే అవకాశం ఎక్కువ. ముసలి మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ పాకినా ఎముకలు తెల్లబడతాయి కాబట్టి పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా చేయించాలి. కాళ్లు బిగుసుకుని నడక తడబడుతుంటే వెన్నుపాము నలుగుతున్నట్టు. అప్పుడు ఎంఆర్‌ఐ తప్పదు.

నడుం పక్క నుంచి గజ్జల్లోకి పొడిచే నొప్పి

రాయి అని అనుమానం. ముందు అల్ట్రాసౌండ్. గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రం పోయకుండా వెళ్లాలి. కిడ్నీకి, మూత్రాశయానికి నడుమ గొట్టంలో ఇరుక్కున్న చిన్న రాయి అందులో దొరక్కపోవచ్చు. అప్పుడు కాంట్రాస్ట్ మందు (స్కానింగులో లోపలి భాగాలు తేలేలా నరానికి ఎక్కించేది) లేని సాదా సీటీ. మందు కిడ్నీలోకి దిగితే అదీ తెల్లగానే ఉంటుంది, రాయిని కప్పేస్తుంది. యూరిక్ యాసిడ్ రాళ్లు ఎక్స్‌రేలో కనపడవు. జ్వరం, చలి కూడా ఉంటే రేపటికి వాయిదా వేయొద్దు. గర్భిణికి సీటీ జోలికి పోకుండా అల్ట్రాసౌండ్‌తోనే మొదలుపెట్టాలి.

తిన్నంక కుడి పక్క పైకడుపులో నొప్పి

పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండే సరైనది. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినొద్దు. పాలచాయ తాగినా పిత్తాశయం ముడుచుకుపోతుంది, రాయి దొరకక ఇంకోసారి రావాల్సి వస్తుంది.

మూతి వంకరపోవడం, చేయి లేవకపోవడం, మాట తడబడటం

వెంటనే తలకు సాదా సీటీ. మొదటి గంటల్లో రిపోర్టు బాగానే ఉందని వచ్చినా పక్షవాతం కాదని కాదు. ఆ సీటీ తీసేది రక్తం కారలేదని తేల్చడానికి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అందుకే లక్షణం మొదలైన టైం చెప్పాలి.

రెండు వారాలు దాటిన దగ్గు

ఛాతీ ఎక్స్‌రే, దాంతోపాటు కళ్లె పరీక్ష. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నంత మాత్రాన టీబీ అని ఖాయం కాదు.

మోకాలి నొప్పి, యాభై దాటిన మనిషి

రెండు మోకాళ్లకూ నిలబెట్టి ఎక్స్‌రే తీయమని అడగండి. పడుకోబెట్టి తీస్తే కీలు మీద బరువు పడదు, సందు ఎంత తగ్గిందో తెలియదు.

ఏ సీటీకైనా కాంట్రాస్ట్ మందు ఎక్కించాలంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట చెప్పాలి.