అద్దెల కోసం పోర్షన్ల ఇల్లు కొంటున్నారా?
తిరుపతిలో అద్దెల కోసం నాలుగైదు పోర్షన్ల ఇల్లు కొనాలనుకుంటే, ప్లాట్లు అమ్మే బ్రోకర్‌ని కాదు, రోజూ టులెట్ ఇళ్లు చూపించే బ్రోకర్‌ని పట్టుకోండి. బైరాగిపట్టెడలో ఏ పోర్షన్ ఎన్ని నెలలు ఖాళీగా ఉందో, ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు ఎవరు కడతారో అతనికే తెలుస్తుంది. "పోర్షన్‌కో కరెంటు మీటరు ఉందా? ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది?" అని అడగండి. "అదంతా తర్వాత చూసుకుందాం లే సార్" అన్నాడా, టీ తాగి వచ్చేయండి. నేను అలా వచ్చేయకుండా కొనేశాను. మూడు పోర్షన్లకు ఒకటే మీటరు, నెలనెలా బిల్లు పంచాయితీ నా నెత్తినే. ఇక్కడ మఠం, దేవాదాయ భూములు ఉంటాయి కాబట్టి ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో (దీన్నే 22ఏ జాబితా అంటారు) ఉందేమో మాత్రం ఎంత మంచి బ్రోకర్ అయినా సరే, మీరే చూసుకోండి. ఈసీ (ఆ ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) కూడా.