జెర్బిల్ పెంపకం, నాలుగవ పాఠం: పిల్లకు నెమ్ము చేసినప్పుడు

నెమ్ము అనే మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. గోడకు పట్టే చెమ్మా నెమ్మే, రొమ్ములో చేరే జబ్బూ నెమ్మే. జెర్బిల్ విషయంలో మొదటిది వస్తే దాని వెనకే రెండోది కాచుకుని ఉంటుంది. మంగోలియా, ఉత్తర చైనాల పొడి నేలల్లో పుట్టిన, ఎలుకలాంటి చిన్న జంతువు ఇది. గాలిలో తేమ 50 శాతం దాటితే చాలు, బొచ్చు అట్టకట్టినట్టు కనిపిస్తుంది. కడపలో ఎండాకాలంలో దానికి ఆ బాధ అంతగా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి, నాలుగు రోజులు ముసురు పట్టి, ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేసుకునే పరిస్థితి వస్తే మాత్రం కన్నేసి ఉంచాలి.

నా దగ్గరున్న జంట పేర్లు కొర్ర, సజ్జ. వాటిలో చిన్నది కొర్ర. అలాంటి ముసురులోనే జబ్బుపడింది. అప్పటికి దాని వయసు ఏడు వారాలు. ఈ పాఠంలో చెప్పేదంతా దానికి సేవ చేస్తూ, డాక్టరుగారి చేత సరిదిద్దించుకుంటూ నేర్చుకున్నదే.

తుమ్ము, డొక్క, తూకం

పిల్ల తుమ్మగానే కంగారు పడతాం. ఇసుకలో పొర్లినప్పుడు, కొత్త పరుపు (పెట్టెలో అడుగున పరిచే పొట్టు) తవ్వుకునేటప్పుడు ఒకటి రెండు తుమ్ములు మామూలే. తుమ్ములు ఆగకుండా వస్తున్నా, ముక్కు తడిగా ఉన్నా ఆలోచించాలి. ముక్కు చుట్టూ, కంటి కొసల్లో ఎర్రటి తడి కనిపిస్తే రక్తం అనుకోవద్దు. కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి నుంచి ఊరే పోర్ఫిరిన్ అనే పదార్థం రంగు అది. ఆరోగ్యంగా ఉన్న జెర్బిల్ ముంగాళ్లతో ముఖం తుడుచుకుంటూ దాన్ని ఎప్పటికప్పుడు వదిలించుకుంటుంది. ఒంట్లో బాగా లేనప్పుడు తుడుచుకునే ఓపిక ఉండదు కాబట్టి పేరుకుని మన కంట పడుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదితో అద్ది తీయండి. రుద్దితే ముక్కు పుండు పడుతుంది.

తుమ్ముకంటే డొక్క ఎక్కువ చెబుతుంది. పిల్ల కదలకుండా కూర్చున్నప్పుడు పక్క నుంచి చూడండి. మామూలు ఊపిరికి డొక్క కదలిక కనీ కనిపించకుండా ఉంటుంది. జబ్బు రొమ్ములోకి దిగితే ప్రతి ఊపిరికీ డొక్కలు ఎగరేస్తుంది. వీపు గూనిలా వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసి ఒక మూల కూర్చుంటుంది. అప్పుడు దాన్ని దోసిట్లోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నుంచి ఏ చప్పుడూ రాదు. కొర్రను అలా పట్టుకున్న సాయంత్రం గడియారం ముల్లు కదిలినట్టు టిక్కు టిక్కుమని వినిపించింది, ఊపిరికి ఒకటి చొప్పున. తెల్లవారేసరికి అది సన్నని పిల్లికూతగా మారింది. ఆ రాత్రి నేను ఆగి ఉండకూడదు. టిక్కు వినిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నోరు తెరిచి గాలి పీలుస్తుంటే గంట కూడా ఆలస్యం చేయకూడదు.

ఇక తూకం. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైనది ఇదే. ఇలాంటి చిన్న జంతువులు జబ్బును దాచుకుంటాయి. ఓపిక లేదని బయటపడితే వేటాడే జంతువుకు దొరికిపోతామనే భయం వాటి పుట్టుకలోనే ఉంది. కానీ తూకాన్ని దాచలేవు. పెద్ద జెర్బిలే 60 నుంచి 100 గ్రాములు ఉంటుంది. ఏడు వారాల పిల్ల నుంచి రెండు గ్రాములు పోతే మన కంటికి ఆనదు, దాని ఒంటికి మాత్రం అది పెద్ద లోటు. కూరగాయల కాటా పనికిరాదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు పేరుపడ్డ జిల్లా మనది. అక్కడ నగ తూచేటంత సున్నితమైన చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. ఖాళీ గిన్నె పెట్టి సున్నాకు తెచ్చి, అందులో పిల్లను కూర్చోబెట్టి, రోజూ ఒకే వేళకు, మేత పెట్టకముందే తూచి రాసుకోండి. కొర్ర లెక్క ఇలా ఉంది: సోమవారం 41 గ్రాములు, మంగళవారం 39, బుధవారం 36. ఉన్న బరువులో పదో వంతు తగ్గిందంటే మేత ముడుతున్నట్టు కనిపించినా లోపలికి పోవడం లేదని అర్థం.

డాక్టరు దగ్గర

మన ఊళ్లలో పశువైద్యుల చేయి ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు, కుక్కల మీద తిరిగినది. జెర్బిల్‌ను అంతవరకు చూడనివారు ఉంటే అందులో తప్పు లేదు. ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. చిన్న జంతువులను ఎవరు చూస్తారో ముందే ఫోను చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు తూకం పుస్తకం, వాడుతున్న పరుపు గుప్పెడు వెంట తీసుకెళ్లండి.

ఒక మాట మాత్రం మీరే గుర్తు చేయాలి. స్ట్రెప్టోమైసిన్ జాతి మందు జెర్బిల్‌కు విషంతో సమానం, ప్రాణం తీయగలదు. పశువులకు వాడే ఇంజెక్షన్లలో పెన్సిలిన్‌తో కలిపి స్ట్రెప్టోమైసిన్ ఉండే రకం మన వైపు మామూలుగా దొరుకుతుంది. ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిల్లిన్ కూడా ఇవ్వవద్దు. పెన్సిలిన్ జాతి మందులు చాలా చిన్న జంతువుల పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, జబ్బుకంటే పెద్ద ఆపద తెస్తాయి. ఇలాంటి నెమ్ముకు సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ రాస్తారు. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు నిర్ణయం.

మోతాదు లెక్క మీకు అర్థమై ఉండాలి. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున అని డాక్టరు రాశారనుకుందాం. 40 గ్రాముల పిల్లకు అది 0.4 మిల్లీగ్రాములు. సీసాలోని మందు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల బలంతో ఉంటే, ఇవ్వాల్సింది 0.04 మిల్లీలీటర్లు, అంటే ఒక బొట్టు అంత. చేయి కాస్త జారితే రెండింతలు పడిపోతుంది. అందుకే మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు ఉండేలా పలుచన చేసి ఇమ్మని డాక్టరునే అడగండి. అప్పుడు 0.1 మిల్లీలీటరు ఇస్తే సరిపోతుంది. దాన్ని సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి మీద స్పష్టంగా కొలుచుకోవచ్చు.

మందు పట్టే తీరు

నేలమీద కూర్చోండి, జారినా ఎత్తు నుంచి పడదు. పాత నూలు పంచె ముక్కను చేతి రుమాలంత చింపుకుని ఒడిలో పరచండి. పిల్లను దోసిట్లో ఎత్తి దాని మీద ఉంచండి. తోక చివర పట్టుకుని ఎత్తవద్దు, జెర్బిల్ తోక చర్మం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, మళ్లీ రాదు. గుడ్డ అంచులను రెండు వైపుల నుంచి మెడ దాకా కప్పి, తల మాత్రం బయటికి ఉండేలా ఎడమ చేతితో పట్టుకోండి. రొమ్ము మీద వేలు నొక్కుకోకూడదు, అసలే అక్కడే దానికి ఊపిరి ఆడడం లేదు. వెల్లకిలా పడుకోబెట్టవద్దు.

ముందు పళ్లకు, లోపలి దవడ పళ్లకు మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి కొనను పెదవి పక్క నుంచి ఆ ఖాళీలోకి ఆనించి, ఒక్క చుక్క మాత్రమే వదలండి. దవడ ఆడుతుంది, గొంతు కదులుతుంది. ఆ కదలిక చూశాకే రెండో చుక్క. తొందరపడి ఒక్కసారిగా నొక్కితే మందు ఊపిరి గొట్టంలోకి పోయి నెమ్మును మనమే పెంచినట్టవుతుంది. మొదటి రెండు రోజులు కొర్ర సిరంజిని ముంగాళ్లతో తోసేసింది. మూడో రోజు అదే రెండు చిన్న చేతులతో సిరంజి కొన పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. ఆ క్షణంలో నాకు కళ్లు చెమర్చాయి.

మందు మూడో రోజుకే పిల్ల గంతులు వేస్తుంది. అక్కడ ఆపేయడమే చాలామంది చేసే పొరపాటు. డాక్టరు చెప్పిన చివరి రోజు దాకా ఇవ్వాల్సిందే.

వెచ్చదనం, మేత, తోడు

గాజు పెట్టె ఒక సగం కింద, గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టండి. రెండో సగం మామూలుగా వదిలేయాలి, వేడి ఎక్కువైతే పిల్ల తనంతట తాను అటు జరుగుతుంది. ముసురు రోజుల్లో పరుపును రోజూ తడిమి చూడండి. ఉచ్చకు తడిసిన పరుపు నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు మన ముక్కుకు తగిలిందంటే, పరుపుకు ఆనుకుని పడుకునే పిల్లకు ఎంత తగులుతోందో ఊహించండి. మన వైపు చవకగా దొరికే బుడ్డల (వేరుశనగ) పొట్టు, రంపపు పొట్టు రెండూ దుమ్ము రేపుతాయి, బుడ్డల పొట్టుకు చెమ్మ తగిలితే బూజు కూడా పడుతుంది. జబ్బు తగ్గేదాకా వాటి బదులు తెల్ల టిష్యూ కాగితం పీలికలు వేయండి. ఇసుక గిన్నె కూడా తీసేయండి.

కొర్ర జబ్బు సంగతి విని పక్కింటి అవ్వ చూడడానికి వచ్చింది. "సాంబ్రాణి పొగ చూపించమ్మా, రొమ్ము తేలికపడుతుంది" అంది. ఎందరో పసివాళ్లను ఆడించిన చేయి ఆమెది, ప్రేమతోనే చెప్పింది. అయినా పొగ వద్దు. సాంబ్రాణి, అగరబత్తి, దోమల చుట్ట, పోపు ఘాటు, కర్పూరం కలిసిన తైలాలు, ఏవీ ఆ గదిలోకి రాకూడదు. ఆ మాట చెప్పగానే అవ్వ తానే వెళ్లి వంటింటి తలుపు మూసి వచ్చింది.

పిల్ల తినకపోతే కొర్ర బియ్యాన్ని మెత్తగా ఉడికించి, ఉప్పు వేయకుండా గంజిలా చేసి వేలికొనతో మూతికి అందించండి. రెండు పొద్దుతిరుగుడు పప్పులు ఆశ చూపడానికి పనికొస్తాయి. నీళ్ల గొట్టాన్ని పిల్లకు అందేంత కిందికి దించండి.

జబ్బు పిల్లను విడిగా పెట్టాలా అని నన్ను ఎక్కువమంది అడుగుతారు. ఒకే పెట్టెలో ఉన్న తోడుకు అంటాల్సింది అప్పటికే అంటి ఉంటుంది. జెర్బిల్లు వాసనతో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కొన్ని రోజులు విడదీసి మళ్లీ కలిపితే పరాయిదనుకుని రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. తోడు దాన్ని వేధించకుండా ఉంటే కలిపే ఉంచండి. సజ్జ ఆ వారమంతా కొర్ర మీద మూతి ఆనించి పడుకుంది, హీటరు చేయలేని పని అది. మనకు జలుబు ఉంటే మాత్రం చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకునే ముట్టుకోవాలి.

అభ్యాసం

వచ్చే పాఠం లోపు మీ జెర్బిల్ ఆరోగ్యంగా ఉండగానే రెండు పనులు చేయండి. అది నిద్రపోతుండగా ఫోనుతో పక్క నుంచి వీడియో తీసి, వేగం తగ్గించి చూస్తూ, అసలు వేగంలో పదిహేను సెకన్లు ఉండే భాగంలోని ఊపిరులు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. నిమిషానికి సుమారు 70 నుంచి 120 మధ్య వస్తుంది. తర్వాత ఏడు రోజుల తూకం వరుసగా రాయండి. కొర్ర పుస్తకంలో బుధవారం 36 కింద ఆ తర్వాతి బుధవారం 40 అని ఉంది.