బెంగళూరు దుమ్ములో కారు రంగు కాపాడుకోవడం: కడగడం, పాలిష్, వ్యాక్స్

చీకటి పడ్డాక పార్కింగ్‌లోకి దిగి, బానెట్ మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తాయి. నల్ల కారైతే మరీ స్పష్టంగా. అవి రోడ్డు మీద రాసుకుని పడ్డవి కావు. చాలా మటుకు తుడిచేటప్పుడు పడ్డవే. పొద్దున్నే అరబకెట్ నీళ్ళలో ఒకే గుడ్డ ముంచి వరసగా పది కార్లు తుడిస్తే, మొదటి కారు మీది ఇసుక పదో కారు మీద గీత పెడుతుంది. ఆ తుడుపు ఆపకుండా ఎంత ఖరీదైన పాలిష్ పట్టించినా నెల తిరిగేసరికి గీతలు మళ్ళీ వస్తాయి. దుమ్ము దులపడానికి వాడే ఈకల బ్రష్, కుచ్చుల డస్టర్ చేసేదీ అదే పని.

ఫ్యాక్టరీలో వేసిన రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం. మనం రాసుకునే కాగితం ఉన్నంత. అందులో అన్నిటికన్నా పైన ఉండే క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లే. మెరుపు దానిదే, ఎండ నుంచి కింది రంగును కాపాడేదీ అదే. గీతలు పోగొట్టడమంటే గీత అడుగు దాకా ఆ పొరను అరగదీయడం. కాంపౌండ్ (గీతలు అరగదీసే ముతక పాలిష్) పట్టిన ప్రతిసారీ ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి, పోయినవి తిరిగి రావు. అందుకే శ్రద్ధంతా కడగడం మీదే పెట్టాలి.

ముందు నీళ్ళ సంగతి

తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి 2024 మార్చిలో ఆదేశించింది, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఆదేశం ఇచ్చింది. కావేరీ నీళ్ళు పైపుతో పోయడం మాట మరిచిపోండి. మిగిలేది బోరు నీళ్ళు, లేదా ట్యాంకర్ నీళ్ళు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళకు ఈ నీళ్ళ సంగతి బాత్‌రూమ్ కుళాయి చూస్తేనే తెలుస్తుంది: చుట్టూ తెల్లగా గార కట్టి ఉంటుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే కారు మీద ఆరిపోయి తెల్ల చుక్కలవుతాయి.

వంటింటి ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్ళు పట్టి కారు కడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నీళ్ళు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. కానీ ఫిల్టర్ వడకట్టిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి, కుళాయి నీళ్ళకన్నా ఎక్కువ చిక్కగా. టైర్లకు, చక్రాల గూళ్ళకు వాడండి, రంగు మీద మాత్రం ఆరనివ్వకండి. చివరి కడుగుకు అన్నిటికన్నా మంచివి వాన నీళ్ళు. మేడ మీది నుంచి పట్టుకున్న వాన నీళ్ళు, పలచటి గుడ్డలో వడకట్టినవి, ఒక బకెట్ ఉంటే చాలు.

రెండు బకెట్ల పద్ధతి

నీడలో, ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టండి. అరచేతి వెనకవైపు బానెట్‌కు ఆనిస్తే వెచ్చగా తగిలిందా, ఇంకో అరగంట ఆగాలి. వేడి రేకు మీద షాంపూ, నీళ్ళు నిమిషంలో ఆరి మరకలవుతాయి.

కావలసినవి: 15 లీటర్ల బకెట్లు రెండు, చక్రాలకు విడిగా ఒక పాత బకెట్, బ్రష్, చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్ ఒకటి, చేత్తో పంపు కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్, తుడవడానికి 800 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) లేదా అంతకన్నా ఒత్తైన టవల్, కార్ షాంపూ. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల పొడి వద్దు. జిడ్డు తీయడానికే తయారైనవి కాబట్టి వ్యాక్స్‌ని కూడా తీసుకుపోతాయి.

ముందు చక్రాలు కడిగేయండి. బ్రేక్ ప్యాడ్‌ల నుంచి రాలే ఇనుప పొడి అక్కడే పేరుకుంటుంది, ఆ బ్రష్, ఆ బకెట్ ఇక కారు పైభాగానికి రాకూడదు. తర్వాత స్ప్రేయర్‌తో కారంతా తడపండి. మెట్రో పనులు, కొత్త అపార్ట్‌మెంట్ల పక్క రోడ్ల దుమ్ములో సిమెంటు, ఇసుక రెండూ ఉంటాయి. షాంపూ కలిపిన నీళ్ళు చల్లి నాలుగైదు నిమిషాలు వదిలితే ఆ మట్టి నాని జారుతుంది. అప్పుడు మామూలు నీళ్ళతో దాన్ని దించేయాలి. చెయ్యి పెట్టకముందు ఎంత మట్టి పోతే అంత మంచిది.

ఒక బకెట్‌లో పది లీటర్ల నీళ్ళకు 20, 30 మి.లీ. షాంపూ కలపండి, సీసా మీద వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. రెండో బకెట్‌లో ఉత్త నీళ్ళు. మిట్‌ని షాంపూలో ముంచి, రూఫ్ నుంచి కిందికి, గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో తిన్నగా లాగండి. ఒక్కో డోరు అవగానే ఉత్త నీళ్ళ బకెట్‌లో మిట్‌ని బాగా జాడించి, పిండి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక ఆ బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, వేళ్ళకు గరగరా ఇసుక తగులుతుంది. ఒకే బకెట్ వాడి ఉంటే అదంతా రంగు మీద తిరిగేది. డోర్ల కింది భాగం, బంపర్ల అడుగు చివర్లో. మిట్ కింద పడితే దులిపి వాడకండి, ఇంకోటి తీయండి.

తుడిచేటప్పుడు రుద్దడం వద్దు. టవల్‌ని విప్పి బానెట్ మీద పరిచి, రెండు మూలలు పట్టుకుని నెమ్మదిగా మీ వైపు లాగితే నీళ్ళన్నీ పీల్చేస్తుంది. అద్దాల సందులు, డోర్ హ్యాండిళ్ళ కింద దాగిన నీళ్ళు తర్వాత కారి చారలు పెడతాయి కాబట్టి డోర్లు తెరిచి అక్కడా అద్దండి. మైక్రోఫైబర్ గుడ్డలు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి. పోగులకు పూతలా పట్టి నీళ్ళు పీల్చనివ్వదు.

నీళ్ళు బొత్తిగా కరువైన రోజుల్లో రిన్స్‌లెస్ వాష్ అనే ద్రావణం వాడవచ్చు. పది లీటర్లలో 40 మి.లీ. కలిపితే హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి సరిపోతుంది, పైన నీళ్ళు పోయనవసరం లేదు. ఆరేడు గుడ్డలు ముంచి పెట్టుకుని, మడత మార్చుకుంటూ, ప్రతి భాగానికీ శుభ్రమైన వైపు వాడాలి. బురద గట్టిగా పట్టిన కారుకు ఇది పనికిరాదు.

మరకలు, జిగురు, రెట్టలు

నిద్రగన్నేరు, మామిడి చెట్ల కింద ఆపిన కారు మీద జిగురు చుక్కలు పడతాయి. ఆరితే షాంపూకు లొంగవు. మైక్రోఫైబర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి అర నిమిషం చుక్క మీద ఆనించి తుడవండి. పిట్ట రెట్టను ఎండాక గీకకండి, అందులో గింజలు, ఇసుక ఉంటాయి. తడి దూది పది నిమిషాలు పరిచి ఉంచి, ఎత్తినట్టు తీయాలి. ఎండలో ఒకటి రెండు రోజులు వదిలేస్తే అందులోని యూరిక్ ఆమ్లం క్లియర్ కోట్‌ను తినేసి గుంట మరక మిగులుస్తుంది. హైవే మీద ఊరికి వెళ్ళొచ్చాక బంపర్ మీది పురుగుల మరకలదీ ఇదే కథ.

బోరు నీళ్ళ తెల్ల చుక్కలకు తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్ళలో కలిపి, గుడ్డతో ఒక నిమిషం ఆనించి వెంటనే కడిగేయండి. పోకపోతే లవణం రంగులోకి దిగిందని అర్థం, ఇక పాలిషే దారి.

పాలిష్: అవసరమైతేనే

కడిగి ఆరిన రంగు మీద, చేతికి పలచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వేళ్ళతో నిమరండి. ఉప్పు కాగితంలా గరగరలాడితే ముందు క్లే బార్, అంటే రంగుకు అతుక్కున్న మురికిని ఊడదీసే బంకమట్టిలాంటి ముద్ద, వాడాలి. 50 గ్రాముల ముక్కను చపాతీ ముద్దలా అదిమి, షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, బరువు పెట్టకుండా జార్చాలి. మురికి కనిపించగానే మడిచి కొత్త వైపు వాడాలి. నేల మీద పడితే పారేయండి, ఇసుక అంటిన క్లే ఇక రంగుకు శత్రువే.

గోరుకు తట్టే గీత పాలిష్‌తో పోదు, దాన్ని వదిలేయండి. చేత్తో పాలిష్ చేస్తే మసక తగ్గుతుంది, సాలెగూడు పూర్తిగా పోదు. మెషీన్ కొనాలంటే డీఏ (డ్యుయల్ యాక్షన్) మెషీన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది, దానికి ఐదంగుళాల ఫోమ్ ప్యాడ్. కారు వాష్ షాపుల్లో రబ్బింగ్ అంటూ తిప్పే రోటరీ మెషీన్ జోలికి పోకండి. అలవాటు లేని చేతిలో అది అంచుల దగ్గర క్షణాల్లో రంగు కాల్చేస్తుంది, ఎండలో కదిలే నీడల్లాంటి చారలు వదులుతుంది.

నల్ల ప్లాస్టిక్‌కు, రబ్బరు బీడింగ్‌కు, పదునైన అంచులకు మాస్కింగ్ టేప్ అంటించండి. ప్యాడ్ మీద శనగగింజంత పాలిష్ నాలుగు చుక్కలు. రెండడుగుల చదరం చొప్పున, మొదట తక్కువ స్పీడులో పరిచి, తర్వాత 4 లేదా 5 మీద, సెకనుకు అంగుళం జరుపుతూ, సగం సగం కలిసేలా అడ్డంగా రెండుసార్లు, నిలువుగా రెండుసార్లు. ప్యాడ్ వెనక ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయి వణుకుతోందంటే మీరు బరువు ఎక్కువ వేస్తున్నారు, పాలిష్ ఏమీ చేయడం లేదు. ముందు ఒక్క చదరం చేసి, తుడిచి, టార్చ్ వేసి చూశాకే ముందుకు వెళ్ళండి. మెత్తటి పాలిష్‌తో పని జరిగితే కాంపౌండ్ ముట్టుకోవద్దు. మ్యాట్ రంగుకు, పీపీఎఫ్ (రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్) అతికించిన భాగాలకు ఇదేదీ వద్దు.

వ్యాక్స్

కార్నాబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మెరుపు అందంగా ఉంటుంది, కానీ ఎండకూ వానకూ బయట నిలిచే కారు మీద నెలా రెండు నెలలే. సింథటిక్ సీలెంట్ నాలుగు నుంచి ఆరు నెలలు ఆగుతుంది. రోజూ ఆఫీసు పార్కింగ్‌లో ఎండలో ఉండే కారుకు సీలెంటే మేలు.

అందరూ చేసే పొరపాటు మందంగా పూయడం. హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి రెండు చెంచాలు చాలు. పూసింది కంటికి ఆనీ ఆననట్టు ఉండాలి. ఎక్కువైనదంతా గుడ్డతో తుడిచి పారేయడానికే. పది నిమిషాలాగి వేలితో ఒక చోట గీయండి. వేలు పోయిన దారి అద్దంలా తేలితే తుడవవచ్చు, పూసినట్టు అలుముకుంటే ఇంకా ఆరలేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఇంకో పది నిమిషాలు పట్టవచ్చు. నల్ల ప్లాస్టిక్‌కు అంటితే తెల్లమరక పడుతుంది, వెంటనే తడిగుడ్డతో తుడవండి. కొత్తగా పెయింట్ వేయించిన భాగానికి, పెయింట్ వేసినవాళ్ళు చెప్పిన గడువు దాకా, కనీసం నెల రోజులు, వ్యాక్స్ పూయకండి.

మేలో వానలకు ముందు ఒకసారి, ఆయుధ పూజకు వారం ముందు ఇంకోసారి తప్పక పూయండి. పూజనాడు గంధం, కుంకుమ బొట్లు ఆ పొర మీదే పడతాయి కాబట్టి మర్నాడు నీళ్ళు పోస్తే తేలిగ్గా పోతాయి. అరటి పిలకలు కట్టిన తాడు రంగుకు ఆనే చోట మడిచిన మెత్తటి గుడ్డ పెట్టండి. దండలతో ఊరంతా తిరిగితే దారం గాలికి కొట్టుకుని బానెట్ మీద చారలు గీస్తుంది, పూజ అయిన సాయంత్రమే విప్పేయండి.