ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎక్సెల్ గొడవలు తీర్చడం ఎలా

ఇంటర్నెట్‌లో పదిమంది అడిగే ప్రశ్నలకి జవాబులు రాయాలంటే పండితులై ఉండక్కర్లేదు. ఏదో ఒక పని రోజూ చేతులారా చేసేవాళ్లైతే చాలు. నాది ఆమదాలవలసలో డీటీపీ సెంటరు, శ్రీకాకుళం రోడ్ స్టేషనుకి వెళ్లే దారిలో. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, అమ్మవారి సంబరాల కరపత్రాలు, రైసు మిల్లుల లెక్కలు నా పని. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక స్టాక్ ఓవర్‌ఫ్లో, సూపర్ యూజర్ అనే ప్రశ్నోత్తరాల సైట్లలో ఎక్సెల్ ప్రశ్నలకి ఇంగ్లీషులో, అలాంటిదే అయిన కోరాలో తెలుగు ఫాంట్ల ప్రశ్నలకి తెలుగులో జవాబులు రాస్తుంటాను. పక్క జెరాక్సు షాపు బాబాయి చూసి, "పైసా రాని పనికి అంత టైపింగు ఏటమ్మా?" అంటాడు. ఎక్సెల్ నాకు ఏ ఇన్‌స్టిట్యూటూ నేర్పలేదు, ఇలా పైసా పుచ్చుకోకుండా ఎవరో రాసిపెట్టినవి చదివే నేర్చుకున్నాను అని చెప్తే ఒప్పుకోడు. ఈ పని మొదలుపెడదామనుకునేవాళ్లకి నాకు తెలిసింది చెప్తాను.

ముందు మీ వీధి ఏదో తేల్చుకోండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచీ నడుస్తోంది, ప్రోగ్రామింగుకి సంబంధించి అందులో లేని సబ్జెక్టు లేదు. అన్నిట్లో వేలు పెడితే ఎక్కడా నిలబడరు. నేను ఎక్సెల్ ట్యాగు, అంటే ఆ పేరు తగిలించిన ప్రశ్నలు, ఒక్కటే చూస్తాను. అందులోనూ మాక్రోలు (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రాములు) నా జోలికి రావు, నేను వాటి జోలికి పోను. ఫార్ములాలు, తేదీలు, ప్రింటింగు. రోజూ ఎవరో ఒకరు ఇవే తిప్పలతో నా బల్ల ముందు కూర్చుంటారు కాబట్టి ప్రశ్న సగం చదివేసరికే మిగతా సగం నాకు తెలిసిపోతుంది. మీరు వ్యవసాయ శాఖలో పనిచేస్తే కోరాలాంటి చోట ఆ ప్రశ్నలు చూడండి, మోటార్లు బాగుచేస్తే అవి.

కొత్తవాళ్లకి ఒక చిక్కు ఉంది, ముందే చెప్పడం మంచిది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో యాభై పాయింట్లు వచ్చేదాకా ఇతరుల ప్రశ్న కింద వ్యాఖ్య రాయనివ్వరు. అంటే "ఏ వెర్షను వాడుతున్నారు?" అని అడగడానికి కూడా మీకు నోరుండదు. ఆ అడగాల్సింది తీసుకెళ్లి జవాబు పెట్టెలో రాస్తే తీసేస్తారు. అందుకని మొదట్లో వివరాలన్నీ ఉన్న ప్రశ్నలు ఏరుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ఇతరుల రాతలు సరిదిద్దండి: ఇరుక్కుపోయిన పట్టికని విడదీయడం, పనికొచ్చే శీర్షిక పెట్టడం. ఒప్పుకున్న ప్రతి సవరణకీ రెండు పాయింట్లు. మీ జవాబుని ఒకరు మెచ్చుకుంటే పది, అడిగినవాళ్లు అదే సరైనదని గుర్తు పెడితే పదిహేను. యాభై అంత దూరమేమీ కాదు.

ఇక అసలు పని. జవాబు చెప్పడం కన్నా ప్రశ్న రాబట్టడం కష్టం. పది ప్రశ్నల్లో ఆరేడు ఇలాగుంటాయి: "వీలుకప్ పనిచేయడం లేదు. అర్జెంట్. హెల్ప్ సర్." (వీలుకప్ అంటే ఒక పట్టికలో పేరు వెతికి దాని పక్కనున్న వివరం తెచ్చే ఫార్ములా. నేను ఆడమనిషినని పేరులోనే ఉన్నా సర్ అనే అంటారు. దిద్దడం మానేశాను.) దీనికి జవాబు లేదు, ఎందుకంటే ఇందులో ప్రశ్నే లేదు. కొందరు సీనియర్లు ఇలాంటివి చూడగానే విసుక్కుంటారు. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ విసుగు రాదనుకుంటాను. రైతు వచ్చి "అమ్మా, నా కాయితం రాలేదు" అంటే ఏ కాయితం, ఎక్కడ పెట్టారు, ఏమన్నారు అని ఒక్కొక్కటే అడుగుతాం కదా. ఇక్కడా అంతే.

ఒక ఉదాహరణ పూర్తిగా చెప్తాను. రెండు జాబితాలున్నాయి ఒకాయన దగ్గర. ఒకదాంట్లో పిల్లల పేర్లు, ఇంకోదాంట్లో ఫీజు కట్టినవాళ్ల పేర్లు. రెండిట్లోనూ ఇంగ్లీషులో రమేష్ కుమార్ అని కళ్లకి ఒకేలా కనిపిస్తోంది, ఫార్ములా మాత్రం అలాంటి పేరు లేదంటోంది. నేను మూడు సంగతులు అడిగాను. ఎక్సెల్ ఏ ఏడాదిది? పేర్లు ఎక్కడి నుంచి కాపీ చేశారు? దొరకని పేరు మీద లెన్ ఫార్ములా పెడితే రెండు జాబితాల్లోనూ ఎంతెంత వస్తోంది? మూడోదే కీలకం. లెన్ అంటే గడిలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టేది. ఆయన పెట్టి చూశాడు. ఒకచోట పన్నెండు, ఇంకోచోట పదమూడు. కంటికి కనిపించని పదమూడోది పేరు చివర కూర్చుంది.

చివర ఖాళీ ఉంటే ట్రిమ్ వాడితే పోతుందని అప్పటికే ఇద్దరు చెప్పారు, ఆయన వాడాడు, పోలేదు. ఎందుకంటే ట్రిమ్ తీసేది మనం స్పేస్ బార్ కొడితే వచ్చే మామూలు ఖాళీని, దాని సంఖ్య 32. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు ఇంకో రకం ఖాళీ వెంటబడి వస్తుంది, దాని సంఖ్య 160. చూపుకి తేడా ఉండదు, ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. ముందు సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో 160ని 32గా మార్చి, ఆ తరవాత ట్రిమ్ పెట్టాలి. ఇంతే జవాబు. రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. కానీ ఆ నాలుగుతో ఆపకండి. లెన్ పెట్టి ఎలా పట్టుకున్నామో కూడా రాయండి. రేపు ఇంకొకరికి అదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది, వాళ్లకి పనికొచ్చేది మందు కాదు, నాడి పట్టిన తీరు.

తేదీల గొడవ ఇంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అక్కడ తప్పు తప్పులా కనిపించదు. కంప్యూటరు సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉందనుకోండి, అక్కడ నెల ముందు, రోజు తరవాత. మిల్లు గుమస్తా ఏప్రిల్ ఇరవై అయిదుని మన పద్ధతిలో 25/04/2024 అని కొడతాడు. ఇరవై అయిదో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఏప్రిల్ అయిదుని 05/04/2024 అని కొడితే మాత్రం చడీచప్పుడు లేకుండా మే నాలుగు చేసేస్తుంది. అడిగేవాళ్లు ఎప్పుడూ మొదటి రకం గురించే అడుగుతారు, "కొన్ని తేదీలు సార్ట్ అవడం లేదు" అని. అసలు నష్టం సార్ట్ అయినవాటిలో ఉంది. నేను మొదట అడిగేది ఒక్కటే: తేదీలు గడిలో ఎడమ గోడకి ఆనుకున్నాయా, కుడి గోడకా? మీరు కావాలని మార్చకపోతే ఎడమ అయితే అక్షరాలు, కుడి అయితే తేదీలు. సగం అటూ సగం ఇటూ ఉన్నాయంటే కుడివైపు ఉన్నవాటిని నమ్మకండని చెప్పాలి. వేరే సాఫ్ట్‌వేరు నుంచి ఫైలు దింపుకున్నప్పుడు ఇది వస్తే ఆ ఫైలుని మళ్లీ మొదటినుంచీ తెరిపించి, టెక్స్ట్ టు కాలమ్స్‌లో రోజు-నెల-ఏడాది వరసని ఎంచుకోమనాలి. అడగని ఆ రెండో సంగతి చెప్పకపోతే మీరు ప్రశ్నకి జవాబిచ్చినట్టే, మనిషికి సాయం చేసినట్టు మాత్రం కాదు.

రాసే ముందు మీ కంప్యూటరు మీద చేసి చూడండి. తెలిసిన విషయమే అయినా సరే. పదహారు అంకెల ఖాతా నంబరు కొడితే ఎక్సెల్ చివరి అంకెని సున్నా చేసేస్తుందని నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు, పదిహేను అంకెల దాకానే అది సరిగ్గా పట్టుకోగలదు. అయినా కొత్త గడిలో కొట్టి, సున్నా అవడం చూసి, గడిని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ కొట్టి, అప్పుడు రాస్తాను. చేసి చూసినవాళ్ల రాతకీ విన్నది రాసినవాళ్ల రాతకీ తేడా తెలిసిపోతుంది. చేసినవాళ్లు "ముందే ఎక్కించిన నంబర్లని టెక్స్ట్ చేసినా పోయిన అంకె తిరిగి రాదు" అనే ముక్క మరిచిపోరు.

ఇదే కారణానికి చాట్‌జీపీటీ చెప్పింది తెచ్చి అతికించకండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే దాన్ని నిషేధించింది. నిషేధం సంగతి అలా ఉంచితే, అడిగేవాళ్లకి ఆ యంత్రం దొరకదా? అది చెప్పింది పారకే మన దగ్గరికి వచ్చుంటారు.

తెలుగులో రాసేటప్పుడు ఒక మాట. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మా జిల్లావారే, 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. అయినా మనవాళ్లు కంప్యూటరు గురించి రాయబోయేసరికి "దిగువన సూచించబడిన మీటను నొక్కవలెను" అనే ధోరణి వచ్చేస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్తున్నట్టు రాయండి. అను ఫాంట్లలో టైపు చేసిన కరపత్రం వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు ఎందుకు వస్తున్నాయి అని నెలకోసారైనా ఎవరో అడుగుతారు. నేనిలా రాస్తాను: "మీరు కొట్టింది తెలుగు కాదండీ, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తోంది. ఫాంటు లేని ఫోన్లో వేషం ఊడిపోతుంది. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చుకోండి. మార్చాక వత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, పెళ్లికూతురి పేరు ముందు చూడండి."

మర్యాదల సంగతి. అడిగినవాళ్లు స్క్రీన్‌షాట్ పెడతారు, అందులో ఆధార్ నంబర్లు, ఫోన్లు, జీతాలు అన్నీ కనిపిస్తుంటాయి. ఫార్ములా గొడవ తరవాత, ముందు దాన్ని తీయమని చెప్పండి. తీసి ఊరుకుంటే చాలదు, సవరణల చరిత్రలో పాత బొమ్మ అలాగే ఉంటుంది. ఫ్లాగ్ నొక్కి, సైటు బాగోగులు చూసే మోడరేటర్లకి చెప్తే వాళ్లు పూర్తిగా దాచేస్తారు. ఉత్తుత్తి పేర్లతో అయిదు వరసల పట్టిక రాసి పెట్టమనండి, చాలాసార్లు ఆ పట్టిక తయారుచేస్తూనే వాళ్లకి తప్పు దొరికిపోతుంది.

ఇంకోటి, ఫోన్ నంబరు ఇవ్వకండి. మన వైపు ఇది కష్టమే. శ్రీకాకుళం అని ప్రొఫైల్లో చూసి, "మాది నరసన్నపేటే అక్కా, ఓసారి ఫోన్ చేస్తాను" అంటారు. ఊరివాళ్లకి లేదనడం నోటికి రాదు. కానీ ఫోన్లో చెప్పింది ఆ ఒక్కరితో ఆగిపోతుంది. అక్కడ రాస్తే అదే ప్రశ్న వెతుక్కుంటూ వచ్చే ప్రతివాళ్లకీ దొరుకుతుంది. నా రాతలకి కృతజ్ఞతలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ప్రశ్న అడిగినవాళ్లు కారు, రెండు మూడేళ్ల తరవాత గూగుల్లో తగిలినవాళ్లు. నేనైతే "ఇక్కడే రాయండి తమ్ముడూ, సాయంత్రం చూస్తాను" అంటాను. రిమోట్ యాప్ వేసి నా కంప్యూటరు మీరే చూసేయండి అన్నా ఒప్పుకోకండి. రేపు వాళ్ల ఖాతాలో ఏ తేడా వచ్చినా మీ పేరే గుర్తొస్తుంది.

పాయింట్ల పిచ్చి అందరికీ కొన్నాళ్లు పడుతుంది, దానంతటదే పోతుంది. ఎవరో మీ జవాబు బాగాలేదని నొక్కితే రెండు పాయింట్లు పోతాయి. నొక్కినవాళ్లకీ ఒకటి పోతుంది, ఊరికే ఎవరూ నొక్కరు. కారణం రాస్తే చదవండి, రాయకపోతే జవాబు మీరే ఇంకోసారి చదువుకుని ముందుకి పోండి. మీకన్నా మంచి జవాబు పక్కన కనిపిస్తే దాన్ని మెచ్చుకుని మీది తీసేయడంలో నామోషీ లేదు. పాత ప్రశ్నే మళ్లీ వస్తే కొత్తగా రాయక్కర్లేదు, పాతదాని లింకు ఇవ్వండి.

నాగా పెట్టినా ఫరవాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు కొబ్బరి తోటలు, జీడి తోటలు కూలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. మా చుట్టాల ఇళ్లు అటే. ఆ హడావిడిలో నేను ఎక్సెల్ మొహం చూడలేదు. వచ్చి చూస్తే, నేను సగంలో వదిలేసిన ప్రశ్నలకి పోలండ్ నుంచో బ్రెజిల్ నుంచో ఎవరో శుభ్రంగా జవాబులు రాసేసి ఉన్నారు. రోజుకి ఇంతసేపు అని హద్దు పెట్టుకోండి. నాకు షాపులో బేరం వచ్చేదాకానే.

మిగిలింది పాత జవాబుల మరమ్మతు, దీన్ని చాలామంది పట్టించుకోరు. వీలుకప్ పని చేసే కొత్త ఫార్ములా ఎక్స్‌లుకప్ 2019లో వచ్చింది, వీలుకప్‌తో పడే అవస్థలు చాలామటుకు పోయాయి. అందుకని నా పాత జవాబుల్లో ఎక్కువమంది చూసేవాటికి పైన ఒక వరస కలుపుతున్నాను: ఎక్సెల్ 2021, ఆ తరవాతివి, లేదా మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్లు ఇలా చేయండి, అంతకు ముందువి ఉన్నవాళ్లు కింద చూడండి అని. కింద ఉన్న పాత పద్ధతి మాత్రం తుడిచేయకండి. ఎక్సెల్ 2007తో నడుస్తున్న మిల్లులు మా మండలంలోనే ఉన్నాయి.