మంచుకాలానికి కారు సిద్ధం – 2వ పాఠం: టైర్లు

పోయిన పాఠంలో బ్యాటరీ చూశాం. ఇంకా టెస్ట్ చేయించని వాళ్లు ఈ వారంలో కానిచ్చేయండి. అమెరికాలోని మా మినియాపొలిస్‌లో మైనస్ 20లో జంపర్ కేబుళ్ల (ఇంకో కారు బ్యాటరీతో మన బండి స్టార్ట్ చేసే తీగల) కోసం పక్కింటి తలుపు కొట్టడం మహా ఇబ్బంది.

ఇప్పుడు చేతిలోకి ఒక క్వార్టర్, అంటే 25 సెంట్ల నాణెం తీసుకోండి. దాని మీది వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా టైరు గాడిలో నిలబెట్టండి. రబ్బరు ఆయన నడినెత్తిని తాకితే గాడి లోతు 4/32 అంగుళం ఉన్నట్టు. తల మొత్తం కనబడుతోందా, ఆ టైరును మంచులో నమ్మొద్దు. చాలా రాష్ట్రాల్లో చట్టం 2/32 దాకా ఒప్పుకుంటుంది గానీ మంచు ఒప్పుకోదు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడుచోట్లా చూడండి. నా పాత కారుకు బయట బాగానే ఉండి, లోపలి అంచు బోడిగుండులా తేలింది.

'ఆల్ సీజన్' అన్న పేరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన ఆ రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. టైరు పక్కభాగంలో మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు బొమ్మ ఉందేమో వెతకండి. ఒట్టి 'ఎం+ఎస్' (మడ్ అండ్ స్నో, బురద, మంచు) అక్షరాలుంటే సరిపోదు.

"మాది ఆల్ వీల్ డ్రైవ్ అన్నా, మాకెందుకివన్నీ?" అని అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తినిచ్చే ఆ ఏర్పాటు బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. మొదటి చలికాలం నాదీ అదే ధీమా. అపార్ట్‌మెంట్ వాలులో బ్రేకు తొక్కితే పెడల్ కాలికింద గడగడలాడింది; కారు మాత్రం నడిచే మనిషంత వేగంతో, తాపీగా, స్టాప్ సైన్ దాటి రోడ్డు మధ్యకు జారింది. అదృష్టం, అటు ఎవరూ రాలేదు.

డబ్బు మిగులుతుందని ముందు చక్రాలు రెండింటికే వింటర్ టైర్లు వేయకండి, మలుపులో వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయాలి.

ఇక గాలి. చలి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. పొద్దున్నే, బండి తీయకముందే కొలవండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసింది గరిష్ఠం, దాన్ని పట్టుకోవద్దు.

మూడో పాఠం వాషర్ ఫ్లూయిడ్, అంటే ముందు అద్దం కడగడానికి చిమ్మే ద్రవం. ఊళ్లో అలవాటు కొద్దీ ఆ ట్యాంకులో మంచినీళ్లు పోసినవాళ్లుంటే, అవి గడ్డకట్టకముందే, అప్పటిదాకా ఆగకుండా ఈ రాత్రే ఖాళీ చేసేయండి.